ఇంటి కంప్యూటర్‌లో పాట చెయ్యాలంటే ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి? క్రాక్ లేకుండా, అప్పు లేకుండా

ఈ ఎపిసోడ్ టాపిక్ ఒక తమ్ముడు పంపిన మెసేజ్ నుంచి వచ్చింది. జగిత్యాల వైపు ఊరు, డిగ్రీ సెకండియర్. పెళ్ళిళ్ళ సీజన్‌లో క్యాటరింగ్ పనికి వెళ్ళి 12,000 రూపాయలు వెనకేసుకున్నాడు. ఇంట్లో ఒక పాత లాప్‌టాప్ ఉంది, ఐ3, 4 జీబీ ర్యామ్, వాళ్ళ అక్క చదువు కోసం కొన్నది. వాళ్ళ నాయనమ్మ నాట్ల టైమ్‌లో పాడే పాటలు ఉన్నాయి, తను సొంతంగా రాసుకున్నవి రెండున్నాయి. బయట స్టూడియోలో అడిగితే ఒక్క పాటకి ఎనిమిది వేలు చెప్పారట. అతని ప్రశ్న ఇదీ: "అన్నా, ఇంట్లోనే చేసుకోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్ కొనాలె? మా దోస్త్ పెన్‌డ్రైవ్‌ల అన్నీ ఉన్నయ్, ఫ్రీగ ఎక్కిస్త అంటున్నడు. ఎక్కించుకోనా?"

ఇలాంటి మెసేజ్‌లు నాకు చాలా వస్తాయి. వైజాగ్ నుంచి ఒక చెల్లి కవర్ సాంగ్స్ చేస్తుంది, ఆమెదీ ఇదే ప్రశ్న. షార్ట్ ఫిల్మ్‌కి బీజీఎం చేసే ఒక తమ్ముడిదీ ఇదే. అందుకే ఇవాళ తీరిగ్గా మాట్లాడుకుందాం. ముందే చెప్తున్నా, "టాప్ టెన్ సాఫ్ట్‌వేర్‌లు" అనే వీడియో కాదిది. అలాంటివి చూసి పదీ డౌన్‌లోడ్ చేసి, ఒక్క పాట కూడా పూర్తి చెయ్యని వాళ్ళని నేను చాలామందిని చూశాను.

అసలు ఈ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో రెండు ముక్కల్లో. దీన్ని డా అంటారు, డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్. ఇందులో మూడు పనులు జరుగుతాయి. మైక్‌లో పాడింది, వాయించింది రికార్డ్ చేసుకోవడం ఒకటి. కీబోర్డ్ మీద నొక్కిన స్వరాల్ని మిడి రూపంలో పెట్టుకోవడం రెండోది. మిడి అంటే శబ్దం కాదండి, "ఈ స్వరం, ఇంత గట్టిగా, ఇంత సేపు" అనే సూచన మాత్రమే. 1983లో వచ్చిన పద్ధతి, ఇప్పటికీ అదే నడుస్తోంది. ఆ సూచనని వీణగా వినిపించాలా, వయొలిన్‌గా వినిపించాలా అన్నది తర్వాత మనం పెట్టే ఇన్‌స్ట్రుమెంట్ ప్లగిన్ చూసుకుంటుంది. మూడో పని, అన్నిటినీ పేర్చి, ఏది ఎంత వినపడాలో సరిచేసి, ఒక్క ఫైలుగా బయటికి తీయడం. అదే మిక్సింగ్.

ఇప్పుడు మీరు మిమ్మల్ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. సాఫ్ట్‌వేర్ పేరు కంటే ఇదే ముఖ్యం. మీ పాటలో ఎక్కువ భాగం మైక్ ముందు పుడుతుందా, మౌస్‌తో పుడుతుందా? గొంతు, డప్పు, వేణువు, గిటార్, కోరస్, ఇవన్నీ మైక్ ముందు పుట్టేవి. బీట్, లూప్, సింథ్, డీజే మిక్స్, ఇవి మౌస్‌తో పుట్టేవి. మొదటి రకం వాళ్ళకి బాగా నప్పే సాఫ్ట్‌వేర్ రెండో రకం వాళ్ళకి విసుగు పుట్టిస్తుంది. రెండో రకం వాళ్ళు మెచ్చుకునేది మొదటి రకం వాళ్ళకి గందరగోళంగా ఉంటుంది. "ఏది బెస్ట్ బ్రో?" అని అడిగితే తలో మాట చెప్పేది అందుకే. వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు, వాళ్ళ పాటకి ఏది నప్పిందో అది చెప్తున్నారు.

సరే, పెన్‌డ్రైవ్ సంగతి. క్రాక్.

నేను ఇక్కడ నీతులు చెప్పడానికి కూర్చోలేదు. కాలేజీ హాస్టళ్ళలో క్రాక్ లేని కంప్యూటర్ వెతకాలంటే కష్టమని నాకూ తెలుసు. మా ఊళ్ళో ఒక షాపులో "మ్యూజిక్ ప్యాక్" అని 500 తీసుకుని ఇవే ఎక్కించి ఇస్తున్నారు. కానీ మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ క్రాక్‌లకి ఒక ప్రత్యేకమైన చరిత్ర ఉంది, అది వినండి. 2019లో ఈసెట్ అనే సైబర్ సెక్యూరిటీ సంస్థ లౌడ్‌మైనర్ అనే మాల్‌వేర్‌ని బయటపెట్టింది. ఇది సరిగ్గా మన లాంటి వాళ్ళకోసమే తయారుచేసింది. ఏబుల్‌టన్, రీజన్, సైలెంత్, నెక్సస్ లాంటి వాటి క్రాక్ ఇన్‌స్టాలర్ల లోపల దాక్కుని వచ్చేది. మీ కంప్యూటర్‌లో కనపడకుండా ఇంకో చిన్న లైనక్స్ కంప్యూటర్‌ని నడిపించి, దాంతో క్రిప్టో నాణేలు తవ్వుకునేది.

మ్యూజిక్ వాళ్ళనే ఎందుకు ఎంచుకున్నారంటారు? ఆలోచించండి. మన కంప్యూటర్లలో ప్రాసెసర్ ఎప్పుడూ కష్టపడుతూనే ఉంటుంది. ఫ్యాన్ గట్టిగా తిరిగినా, సిస్టమ్ స్లో అయినా, "పాట పెద్దదైంది కదా" అనుకుంటాం కానీ ఎవరికీ అనుమానం రాదు. పైగా ఈ ప్లగిన్ ఫైళ్ళు సైజులో పెద్దవి, లోపల ఇంకోటి దాచినా తెలియదు. తర్వాతి ఏడాది, 2020లో, మ్యాక్ కంప్యూటర్లలో థీఫ్‌క్వెస్ట్ అనే ఇంకోటి దొరికింది. అది కూడా ఏబుల్‌టన్ లాంటి వాటి పైరేటెడ్ కాపీల్లోనే. అది ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే రకం. విండోస్‌లో స్టాప్ డీజేవీయూ అనే రాన్సమ్‌వేర్ కూడా ఎక్కువగా క్రాక్‌ల ద్వారానే వ్యాపించింది. తమ్ముడూ, నీ లాప్‌టాప్‌లో మీ అక్క ప్రాజెక్టు ఫైళ్ళున్నాయి, ఫొటోలున్నాయి, బహుశా ఇంట్లో వాళ్ళ ఆధార్ స్కాన్ కాపీలున్నాయి. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా అవుతుంది.

క్రాక్ ఎక్కించేవాళ్ళు మొట్టమొదట చెప్పే మాట ఏంటో గుర్తుందా? "యాంటీవైరస్ ఆఫ్ చెయ్." అక్కడే ఆగాలి మనం.

చట్టం సంగతి కూడా ఒక్క ముక్క. మన కాపీరైట్ చట్టం 1957లో 63బి అనే సెక్షన్ ఉంది. తెలిసి తెలిసి దొంగ కాపీ సాఫ్ట్‌వేర్‌ని కంప్యూటర్‌లో వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా. సంపాదన కోసం వాడలేదని తేలితే జైలు లేకుండా 50,000 లోపు జరిమానాతో కోర్టు వదిలెయ్యొచ్చు. పోలీసులు మీ ఇంటికి వచ్చి లాప్‌టాప్ తెరుస్తారని నేను భయపెట్టట్లేదు. కానీ రేపు మీ పాట హిట్ అయి, ఆడియో కంపెనీ వాళ్ళు వచ్చి ప్రాజెక్టు ఫైలు అడిగినప్పుడు, ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కడిదని అడిగితే? సంపాదన మొదలైన రోజు నుంచి ఆ సెక్షన్‌లో మనం ఉండే చోటు మారిపోతుంది.

ఇంతకీ క్రాక్ అవసరమే లేదు, అది అసలు విషయం. ఫ్రీగా, న్యాయంగా దొరికేవి ఇప్పుడు చాలానే ఉన్నాయి.

ఫోన్ మాత్రమే ఉన్నవాళ్ళు బ్యాండ్‌ల్యాబ్‌తో మొదలుపెట్టండి. యాప్ ఫ్రీ, అదే అకౌంట్‌తో కంప్యూటర్ బ్రౌజర్‌లో కూడా తెరవొచ్చు. కంప్యూటర్ కొనే ముందు ఒక పాటయినా దీంట్లో పూర్తి చెయ్యండి. అప్పుడు మీకే తెలుస్తుంది మీకు ఏం కావాలో. ఆపిల్ వాళ్ళదైతే ఇంకేం, గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. మ్యాక్‌లో ఉంది, ఐఫోన్‌లో ఉంది, మొదటి ఏడాదికి ఇంకేం అక్కర్లేదు. మ్యాక్ ఉన్నవాళ్ళు ఈ ఎపిసోడ్ ఇక్కడితో ఆపేసి వెళ్ళి పాట చేసుకోండి. (నవ్వు)

ఆడాసిటీ గురించి అందరూ అడుగుతారు. మంచి సాఫ్ట్‌వేర్, 2000 సంవత్సరం నుంచి ఫ్రీగా ఉంది. గొంతు రికార్డ్ చెయ్యడానికి, కత్తిరించడానికి, వెనక గోల తగ్గించడానికి చాలా బాగుంటుంది. పాడ్‌కాస్ట్ చేసేవాళ్ళకి చాలు. కానీ కీబోర్డ్ పెట్టుకుని మిడితో పాట కట్టడానికి అది చేసింది కాదు. ఎల్‌ఎంఎంఎస్ దీనికి తలకిందులు. బీట్లు, సింథ్‌లు చక్కగా వస్తాయి, మైక్ రికార్డింగ్ మాత్రం ఉండదు. ఈ రెండూ కలిపి వాడేవాళ్ళున్నారు, నాకైతే అది ఒక చేత్తో అన్నం, ఇంకో ఇంట్లో కూర లాగా అనిపిస్తుంది.

విండోస్ మీద పూర్తి స్థాయి స్టూడియో ఫ్రీగా కావాలంటే కేక్‌వాక్. దీని కథ కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇందులో మనకి పనికొచ్చే విషయం ఉంది. కేక్‌వాక్ అనేది 1987లో డాస్ రోజుల్లో మొదలైన సాఫ్ట్‌వేర్. తర్వాత సోనార్ అని పేరొచ్చింది, ఖరీదైన సాఫ్ట్‌వేర్‌గా పేరు తెచ్చుకుంది. 2013లో గిటార్లు చేసే గిబ్సన్ కంపెనీ కొనుక్కుంది. 2017 నవంబర్‌లో, ఇక దీన్ని తయారుచెయ్యం అని ప్రకటించింది. అప్పటికే వేలకి వేలు పోసి కొన్నవాళ్ళ పరిస్థితి ఊహించుకోండి. 2018 ఫిబ్రవరిలో బ్యాండ్‌ల్యాబ్ దాన్ని కొని, అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. ఇప్పుడు మళ్ళీ కేక్‌వాక్ సోనార్ పేరుతో నడుస్తోంది, ఉచితంగా వాడుకునే శ్రేణి ఉంది, కొన్ని ఫీచర్లకి మాత్రం సభ్యత్వం కట్టాలి. వాడటానికి చాలా బాగుంటుంది. పాత 4 జీబీ లాప్‌టాప్ మీద మాత్రం కొంచెం బరువే.

అది కాకపోతే ట్రాక్షన్ వాళ్ళ వేవ్‌ఫామ్ ఫ్రీ ఉంది, ట్రాక్‌లకి లిమిట్ లేదు. ప్రో టూల్స్ ఇంట్రో కూడా ఉచితమే, కానీ 8 ఆడియో ట్రాక్‌ల దగ్గర ఆగిపోతుంది. ఒక కోరస్‌కే నాలుగు ట్రాక్‌లు పోతాయి మనకి. సినిమా స్టూడియోలో అసిస్టెంట్‌గా చేరాలనుకునేవాళ్ళు మాత్రం ప్రో టూల్స్ అలవాటు చేసుకోవడానికి దాన్ని చూడండి, అక్కడ అదే నడుస్తుంది.

ఇక డబ్బు పెట్టి కొనేవి. ఇక్కడ నేను కొంచెం ఎక్కువ సేపు ఆగుతా.

రీపర్. మనలో పాతవాళ్ళకి విన్‌ఆంప్ గుర్తుందా, కంప్యూటర్‌లో ఎంపీత్రీలు వినే ప్లేయర్? దాన్ని తయారుచేసిన జస్టిన్ ఫ్రాంకెల్ చేసిందే ఇది. ఇంట్లో వాడుకునే వ్యక్తులకి, ఏడాదికి 20,000 డాలర్ల లోపు రాబడి ఉన్న చిన్న వ్యాపారాలకి లైసెన్స్ 60 డాలర్లు. అంతకు మించి సంపాదిస్తే 225 డాలర్లు. సాఫ్ట్‌వేర్ మాత్రం ఒక్కటే, ఎక్కువ కట్టినవాళ్ళకి ఎక్కువ ఫీచర్లు అనేది లేదు. 60 రోజులు పూర్తిగా, ఏ తాళాలూ లేకుండా వాడి చూడొచ్చు. ఆ తర్వాత కూడా తెరుచుకుంటుంది, కానీ తెరిచిన ప్రతిసారీ "లైసెన్స్ తీసుకోండి" అని గుర్తుచేస్తుంది. మిమ్మల్ని నమ్మి వదిలేశారన్నమాట. చాలామంది అక్కడే ఏళ్ళ తరబడి ఉండిపోతారు. నా మాటేంటంటే, ఆ పాటల మీద ఒక్క రూపాయి వచ్చినా మొదట దానికి కట్టండి.

ఇది నాకు ఎందుకు నచ్చుతుందంటే, చాలా చిన్నది. డౌన్‌లోడ్ సైజు కొన్ని పదుల ఎంబీల లోపే, మన వాట్సాప్‌లో రోజూ వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోలన్నీ కలిపితే అంతకంటే ఎక్కువుంటాయి. పాత లాప్‌టాప్ మీద కూడా కదులుతుంది. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడిట్లో పనిచేస్తుంది. ఈక్యూ, కంప్రెసర్, రివర్బ్, పిచ్ సరిచేసేది, అన్నీ దాంతో పాటే వస్తాయి. చూడ్డానికి మాత్రం అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ లాగా ఉంటుంది. (నవ్వు) పైగా ఇన్‌స్ట్రుమెంట్ల సౌండ్లు దాదాపు ఏమీ ఇవ్వరు. తెరవగానే పియానో మోగుతుందని అనుకున్నవాళ్ళు పది నిమిషాల్లో మూసేస్తారు. సౌండ్లు మనమే తెచ్చుకోవాలి. వైటల్, సర్జ్ ఎక్స్‌టీ అనే సింథ్‌లు ఉచితం. స్పిట్‌ఫైర్ వాళ్ళ ల్యాబ్స్‌లో వయొలిన్లు, పియానోలు ఉచితంగా దొరుకుతాయి. వల్హల్లా సూపర్‌మాసివ్ అనే రివర్బ్ ఫ్రీ, గొంతు మీద కొంచెమే వెయ్యండి, లేకపోతే బావిలోంచి పాడినట్టుంటుంది.

ఎఫ్‌ఎల్ స్టూడియో. బెల్జియం వాళ్ళది, మొదట్లో ఫ్రూటీలూప్స్ అనేవాళ్ళు. బీట్లు, డీజే పాటలు చేసేవాళ్ళకి దీని అంత హాయి ఇంకోటి లేదు. ఒక్కసారి కొంటే జీవితాంతం అప్‌డేట్లు ఫ్రీ, ఇది నిజంగానే పాటిస్తున్నారు. కానీ ఇక్కడ ఒక గుంట ఉంది, చూసి అడుగెయ్యండి. అన్నిటికంటే తక్కువ ధరలో దొరికే ఫ్రూటీ ఎడిషన్‌లో మైక్ రికార్డింగ్ ఉండదు. గొంతు రికార్డ్ చెయ్యాలంటే దాని పైన ఉన్న ప్రొడ్యూసర్ ఎడిషన్ కావాలి, ధర చాలా పెరుగుతుంది. ధర మాత్రమే చూసి చిన్నది కొని, ఆనక "నా మైక్ ఎందుకు పనిచెయ్యట్లేదన్నా" అని అడిగేవాళ్ళు ఉన్నారు. మైక్‌కి ఏం కాలేదు, ఎడిషన్ తేడా అంతే. కొనే ముందు వాళ్ళ సైట్‌లో ఎడిషన్లు పోల్చే పట్టిక ఉంటుంది, అది లైను లైను చదవండి. దీని ట్రయల్‌కి టైమ్ లిమిట్ లేదు, పాటని ఎక్స్‌పోర్ట్ కూడా చేసుకోవచ్చు, కానీ సేవ్ చేసిన ప్రాజెక్టు మళ్ళీ తెరవాలంటే కొనాలి. అంటే ఒక్క కూర్చోబాటులో ముగించే బీట్లకైతే ట్రయల్‌తోనే నడిపించొచ్చు. రాత్రంతా కూర్చుని చేస్తే సరి. కరెంటు పోకుండా ఉండాలి మరి.

ఏబుల్‌టన్ లైవ్ విడిగా కొనడం మన బడ్జెట్‌కి ఎక్కువే. కానీ ఆడియో ఇంటర్‌ఫేస్‌లు, చిన్న మిడి కీబోర్డ్‌లు కొన్నప్పుడు చాలా వాటితో లైవ్ లైట్ అనే చిన్న ఎడిషన్ ఉచితంగా వస్తుంది. కోడ్ డబ్బాలో కాగితం మీద ఉంటుంది, లేదా ఆ పరికరం రిజిస్టర్ చేస్తే ఇస్తారు. మనవాళ్ళు డబ్బా పారేస్తారు! ఆ డబ్బాలో సాఫ్ట్‌వేర్ ఉందని తెలియక. సెకండ్ హ్యాండ్ కొంటున్నట్టయితే మాత్రం కోడ్ ముందే వాడేసి ఉంటారు, దానికోసం డబ్బు ఎక్కువ ఇవ్వకండి.

ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా మీకు ఎదురయ్యే ఇబ్బంది ఒకటి చెప్తా. కొత్తవాళ్ళు సగం మంది ఇక్కడే వదిలేస్తారు. మైక్‌లో పాడితే హెడ్‌ఫోన్‌లో మీ గొంతు కొంచెం ఆలస్యంగా వినిపిస్తుంది. తాళం తప్పుతారు. "నాకు పాడటం రాదేమో" అనుకుంటారు. మీకు పాడటం వచ్చండి, అది లేటెన్సీ.

కంప్యూటర్ శబ్దాన్ని ముక్కలు ముక్కలుగా తీసుకుంటుంది. సెకనుకి 44,100 శాంపిళ్ళు అనుకోండి. బఫర్ 512 పెడితే, అన్ని శాంపిళ్ళు పోగయ్యేదాకా ఆగుతుంది. 512ని 44,100తో భాగిస్తే దాదాపు 12 మిల్లీ సెకన్లు. 1024 పెడితే 23. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, అంటే రెట్టింపు. శబ్దం గాలిలో ఒక మిల్లీ సెకనుకి 34 సెంటీమీటర్లు పోతుంది. అంటే 12 మిల్లీ సెకన్లంటే డప్పు కొట్టేవాడు మీకు నాలుగు మీటర్ల దూరంలో నిలబడినట్టు, అది పర్వాలేదు. 46 అంటే పదహారు మీటర్లు. వీధి ఆ చివర నుంచి కొడుతున్నాడు, మీరు ఈ చివర పాడుతున్నారు. ఎలా కుదురుతుంది?

అందుకని రికార్డ్ చేసేటప్పుడు బఫర్ 128కో 256కో తగ్గించండి, మిక్సింగ్ అప్పుడు 1024కి పెంచండి. విండోస్‌లో ఏసియో డ్రైవర్ వాడండి. ఇంటర్‌ఫేస్ కొంటే దానితోనే వస్తుంది, లేకపోతే ఏసియో ఫోర్ ఆల్ అనే ఉచిత డ్రైవర్ ఉంది. బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో రికార్డింగ్ మాత్రం చెయ్యకండి, వాటి ఆలస్యం ముందు పైన చెప్పినవన్నీ చిన్నవే. వైర్ ఉన్న హెడ్‌ఫోన్ మాత్రమే. రెండు వేల బడ్స్ పెట్టుకుని "రీపర్ లేట్‌గా ఉందన్నా" అంటే రీపర్ ఏం చేస్తుంది పాపం.

మన పాటలు చేసేవాళ్ళకి ఇంకో రెండు విషయాలు. ఇవి ఇంగ్లీషు ట్యుటోరియల్స్‌లో దొరకవు. ఈ సాఫ్ట్‌వేర్‌లన్నీ తెరవగానే నాలుగు బీట్ల లెక్కలో ఉంటాయి. ఆది తాళానికి అది సరిపోతుంది, ఎనిమిదిని రెండు నాలుగులుగా అనుకోవచ్చు. కానీ మీ పాట మిశ్ర చాపులో ఉంటే, అంటే ఏడు లెక్కలో, అది 7/8కి మార్చాలి. ఖండ చాపుకి 5/8. మార్చకపోతే గ్రిడ్ గీతలు ఒక చోట, మీ పాట ఒక చోట ఉంటాయి, ఎడిటింగ్ నరకం. ఇక నాయనమ్మ పాటలు అన్నాడు కదా తమ్ముడు. అలాంటివి మెట్రోనోమ్‌కి కట్టెయ్యకండి. నాట్లేసేవాళ్ళు క్లిక్ వింటూ పాడరు. ముందు పెద్దావిడ చేత స్వేచ్ఛగా పాడించి రికార్డ్ చెయ్యండి, ఆ తర్వాత ఆ పాటని అనుసరించి టెంపో గీతలు మనమే సర్దుకోవచ్చు. రీపర్‌లో, సోనార్‌లో టెంపోని ఒక్కో చోట ఒక్కోలా మార్చుకునే వీలుంది. పాటని గ్రిడ్‌లోకి లాగితే ఆమె పాట పోయి మీ పాట మిగులుతుంది.

రెండోది గమకం. కీబోర్డ్‌లో మెట్లు విడివిడిగా ఉంటాయి, మన రాగాల్లో స్వరం ఊగుతుంది. మిడితో వేణువు, వీణ వాయిస్తే సీరియల్ టైటిల్ మ్యూజిక్‌లా వస్తోందంటే కారణం ఇదే. కీబోర్డ్ ఎడమ పక్క పిచ్ బెండ్ అనే చక్రం ఉంటుంది, మామూలుగా అది అటు ఇటు రెండు అరస్వరాలు మాత్రమే వంచుతుంది. ప్లగిన్ సెట్టింగ్‌లో దాన్ని పెంచుకుని, చక్రం మీద చెయ్యి అలవాటు చెయ్యండి. వీలైతే మాత్రం అసలు వాయిద్యాన్నే రికార్డ్ చెయ్యండి. డప్పు సౌండ్ కోసం ఇంటర్నెట్ అంతా వెతుకుతారు, పక్క వీధిలో డప్పు కొట్టే అన్న ఉంటాడు! ఆయనకి ఇవ్వాల్సింది ఇచ్చి, ఒక గంట రికార్డ్ చేసుకుంటే మీకంటూ సొంత సౌండ్ ఉంటుంది, ఏ లూప్ కంపెనీ దగ్గరా దొరకదు. లూప్‌లతో ఇంకో తలనొప్పి ఏంటంటే, అదే లూప్ వాడిన ఇంకెవరో వాళ్ళ పాటని యూట్యూబ్ కంటెంట్ ఐడీలో పెడితే, మీ పాట మీద క్లెయిమ్ వస్తుంది. మీరు న్యాయంగా తీసుకున్నా సరే, వివరణ ఇచ్చుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడు తమ్ముడి 12,000 లెక్క. సాఫ్ట్‌వేర్ మీద ఇవాళ ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు. రీపర్ ట్రయల్ ఎక్కించు, 60 రోజులున్నాయి. మొదటి ఖర్చు ర్యామ్, 4 నుంచి 8 జీబీకి. ముందు లాప్‌టాప్‌లో ఖాళీ స్లాట్ ఉందో లేదో షాపులో చూపించుకో. రెండోది, ఒక మైక్ ఇన్‌పుట్ ఉన్న చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్. మూడోది ఒక డైనమిక్ మైక్. కండెన్సర్ మైక్ వద్దంటాను, అది గదిలో ఫ్యాన్ చప్పుడు, పక్కింటి టీవీ, కోడి కూత అన్నీ పట్టుకుంటుంది, పైగా 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. నాలుగోది వైర్ హెడ్‌ఫోన్. ఇవన్నీ మామూలు రకం తీసుకుంటే 12,000లో దగ్గర దగ్గర సరిపోతాయి, ర్యామ్ ధరని బట్టి కొంచెం అటూ ఇటూ. డబ్బు చాలకపోతే ర్యామ్ వాయిదా వెయ్యి, మైక్ కాదు. రీపర్ డబ్బు, అంటే ఐదు వేల పైచిలుకు, వచ్చే సీజన్ క్యాటరింగ్‌లోంచి తియ్యి. అప్పటికి రెండు పాటలు చేసి ఉంటావు, అది నీకు నప్పిందో లేదో తెలిసిపోతుంది. నప్పకపోతే ఆ ఐదు వేలు మిగిలినట్టే కదా.

డాలర్లలో కట్టేటప్పుడు చాలామందికి పేమెంట్ ఫెయిల్ అవుతుంది. కార్డు పాడైపోలేదు. 2020 అక్టోబర్ నుంచి ఆర్‌బీఐ నిబంధన ప్రకారం కొత్త కార్డులు మొదట దేశం లోపలే పనిచేస్తాయి. బ్యాంక్ యాప్‌లో ఇంటర్నేషనల్ ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్ చేసి, లిమిట్ మీకు కావాల్సినంతే పెట్టండి. పని కాగానే ఆఫ్ చెయ్యండి. బ్యాంకు మారకం చార్జీ, దాని మీద పన్ను కూడా పడతాయి, చూపించిన ధర మీద కొన్ని వందలు ఎక్కువ పెట్టుకునే లెక్క వేసుకోండి.

చివరిగా ఒక పని చెప్పి ముగిస్తా. పాట పూర్తవగానే ప్రతి ట్రాక్‌ని విడివిడిగా, మొదటి సెకను నుంచి చివరిదాకా వేవ్ ఫైళ్ళుగా ఎక్స్‌పోర్ట్ చెయ్యండి. స్టెమ్స్ అంటారు. 24 బిట్‌లో ఒక మోనో ట్రాక్ నిమిషానికి సుమారు 8 ఎంబీ, నాలుగు నిమిషాల పాట పదిహేను ట్రాక్‌లైతే అర జీబీ కూడా దాటదు. పాట పేరు, టెంపో, శృతి ఫోల్డర్ పేరులోనే రాసి, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టండి. కేక్‌వాక్ లాగా రేపు ఏ కంపెనీ చేతులు మారినా, మీరే సాఫ్ట్‌వేర్ మార్చినా, వేవ్ ఫైళ్ళు ఎందులోనైనా తెరుచుకుంటాయి. నాయనమ్మ గొంతు ఉన్న ఫైలుకి మాత్రం మూడు కాపీలు.

వచ్చే ఎపిసోడ్‌లో గదిలో దుప్పట్లు, పరుపులతో గొంతు రికార్డింగ్ ఎలా చేసుకోవాలో చూపిస్తా. మీ ఇంట్లో పాత పరుపు ఉంటే పారెయ్యకండి. ఉంటా మరి.